ఎక్స్‌రే గది నుంచి మొదలుపెట్టండి: మెడికల్ ఇమేజింగ్‌లో మొదటి డేటాసెట్ ఎలా కూర్చుకోవాలి

పీహెచ్‌డీలో చేరి ఆరు నెలలైనా, ఎంటెక్ ప్రాజెక్టు ఇప్పుడే మొదలైనా, మెడికల్ ఇమేజింగ్ మీద పని చేయాలనుకునేవాళ్లకు వరంగల్ మంచి చోటు. నిట్, కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ 1959 నాటివే. ఒక చోట అల్గారిథమ్‌లు తెలిసినవాళ్లు ఉన్నారు, ఇంకో చోట పొద్దున్నుంచి రాత్రి దాకా ఫిల్మ్‌లు చదివేవాళ్లు ఉన్నారు. మధ్య దూరం ఆటోలో అరగంట. చాలామంది కొత్త స్కాలర్లు ఆ అరగంట దారి దాటకుండానే పేపర్ రాసేస్తున్నారు. నెట్‌లో డేటా దించుకోవడం, ఎవరో రాసిన కోడ్ నడపడం, అక్యురసీ ఒక పాయింటు పెరిగితే సంబరపడటం. నా మొదటి ఏడాది అలాగే పోయింది. మీకు ఆ ఏడాది పోకూడదని ఇది రాస్తున్నాను. ఉదాహరణగా ఛాతీ ఎక్స్‌రే తీసుకుంటాను. సీటీ, ఎంఆర్‌ఐ, కంటి ఫొటోలతో పనిచేసేవాళ్లకూ క్రమం దాదాపు ఇదే.

1. ప్రశ్న డాక్టరు నోటి నుంచి రావాలి

"ఫలానా ఏఐ మోడల్‌ని ఛాతీ ఎక్స్‌రేల మీద వాడతాను" అనేది ప్రశ్న కాదు, పనిముట్టు చేతిలో పట్టుకుని పని వెతుక్కోవడం. ముందు రేడియాలజీ పీజీలతో, ఛాతీ డాక్టర్లతో కూర్చోండి. "ఏఐతో ఏం చేయాలి సార్?" అని అడిగితే వాళ్లు పేపర్లో చదివిందే చెప్తారు. ఇలా అడిగి చూడండి: "ఏ ఫిల్మ్ దగ్గర మీరు రెండోసారి ఆగుతారు? రాత్రి డ్యూటీలో సీనియర్ లేనప్పుడు ఏది తప్పిపోతుందని భయం?" అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి.

మన ఉత్తర తెలంగాణకు సొంత ప్రశ్నలున్నాయి. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు, గోదావరిఖని, భూపాలపల్లి, మంచిర్యాల వైపు సింగరేణి బొగ్గు గనులు. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్, బొగ్గు దుమ్ముతో వచ్చే న్యుమోకోనియోసిస్ ఫిల్మ్ మీద టీబీని పోలి కనిపించొచ్చు, కొందరిలో రెండూ కలిసి ఉంటాయి. క్వారీలో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి ఫిల్మ్‌లో కనబడే చుక్కలు దేనివి? పత్తి చేల జిల్లాల్లో పారాక్వాట్ అనే కలుపు మందు తాగినవాళ్ల ఊపిరితిత్తులు రోజుల్లో గట్టిపడిపోతాయి. ఆ మార్పు సీటీలో ఎంత తొందరగా కనిపిస్తుంది? ఇలాంటి ప్రశ్న చేతిలో ఉంటే డేటా చిన్నదైనా పనికి విలువ ఉంటుంది. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. ఎవరి ఫిల్మ్, ఏం కనిపెట్టాలి, కనిపెడితే డాక్టరు ఏం వేరుగా చేస్తారు, ఈ మూడూ ఆ వాక్యంలో ఉండాలి. మూడోది రాయలేకపోతే మళ్లీ వెళ్లి అడగండి.

2. ఎక్స్‌రే గదిలో ఒక వారం కూర్చోండి

హెచ్‌ఓడీ గారిని అడిగి, గైడ్ ఉత్తరం ఇచ్చి, ఒక వారం పాటు పొద్దున పూట కంట్రోల్ ప్యానెల్ పక్కన నిలబడండి. ఫొటోలు తీయొద్దు, పేర్లు రాసుకోవద్దు. కళ్లతో చూడండి, చిన్న నోట్‌బుక్ చాలు.

నేను నిలబడిన మొదటి పొద్దున ఒక అవ్వ వచ్చింది. టెక్నీషియన్ అన్న ఆమెను ప్లేటుకు ఛాతీ ఆనించి నిలబెట్టి, "అవ్వా, జడ పైకి ముడేసుకో. మెడల తాయత్తు తీసి బిడ్డకియ్యి" అన్నాడు. ఆమె తాయత్తు తీయనంది. కాసేపు బతిమిలాడాడు, వరుసలో ఇంకా ఇరవై మంది ఉన్నారు, అలాగే తీశాడు. "గాలి గట్టిగ పీల్చు... పట్టుకో... కదలకు." ఆమె సగమే పీల్చింది. ఫిల్మ్ తెర మీదికి వచ్చింది. గొంతు కింద తెల్లటి చిన్న గొట్టంలా తాయత్తు, కుడి ఊపిరితిత్తి పై భాగం మీద మసకగా ఒక చార. "ఇదేంటన్నా?" అని అడిగాను. "జడ" అన్నాడు. ముడి జారిపోయింది. టీబీ ఎక్కువగా కనిపించేది కూడా ఊపిరితిత్తి పై భాగంలోనే. అంతవరకు నెట్‌లో దించుకున్న ఫిల్మ్‌లలో నేను అలాంటి చారలు ఎన్ని చూసి జబ్బు అనుకున్నానో!

ఆ వారంలో మీరు గమనించాల్సినవి ఇవి. నిలబడగలిగిన వాళ్లకు ఎక్స్‌రే వీపు వైపు నుంచి తీస్తారు, దాన్ని పీఏ అంటారు. మంచం మీదున్నవాళ్లకు పోర్టబుల్ మెషీన్‌తో ముందు నుంచి తీస్తారు, అది ఏపీ. ఏపీలో గుండె ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది. గాలి సరిగ్గా పీల్చకపోతే ఊపిరితిత్తుల అడుగు తెల్లగా, న్యుమోనియాలా కనిపిస్తుంది. పీజీలు పక్కటెముకలు లెక్కపెడుతుంటే పక్కన నిలబడి నేర్చుకోండి: వెనక వైపు ఎముకలు తొమ్మిది పది డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరం) పైన కనిపిస్తే గాలి బాగా పీల్చినట్టు. ఎల్, ఆర్ అని పడే సీసం గుర్తు ఎక్కడ పెడతారో చూడండి. వార్డుకో మెషీన్ ఉంటే ఏ వార్డుకు ఏదో రాసుకోండి. ఐసీయూ ఫిల్మ్‌లన్నీ ఒకే మెషీన్‌వైతే మోడల్ జబ్బును వదిలేసి మెషీన్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఈ ముప్పు ఊహ కాదు. 2018లో అమెరికా ఆసుపత్రుల ఎక్స్‌రేల మీద చేసిన ఒక అధ్యయనంలో ఫిల్మ్ ఏ ఆసుపత్రిదో మోడల్ దాదాపు తప్పు లేకుండా చెప్పేసింది. న్యుమోనియా కనిపెట్టమని కొత్త చోటి ఫిల్మ్‌లు ఇస్తే మాత్రం చాలాసార్లు తడబడింది.

3. అనుమతి లేకుండా ఒక్క ఫిల్మ్ కూడా కదలకూడదు

"మా బావ అక్కడ హౌస్ సర్జన్, పెన్‌డ్రైవ్‌లో ఇస్తాడు" అనే మాట హాస్టల్‌లో వినిపిస్తూనే ఉంటుంది. వద్దు. ఆ డేటాతో చేసిన పనిని మంచి జర్నల్ ఏదీ తీసుకోదు, ఇచ్చిన వాడి ఉద్యోగానికీ ముప్పు. దానికంటే ముందు, అది రోగి నమ్మి ఇచ్చిన శరీరం తాలూకు బొమ్మ.

ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలు, ఆరోగ్య రంగంలో ఏఐ వాడకం మీద 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు ముందు చదవండి. రెండూ ఉచితంగా దొరుకుతాయి. కమిటీ రిజిస్టరైందో లేదో కూడా అడగండి, 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం వైద్య పరిశోధనను చూసే కమిటీలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. దరఖాస్తులో మీ గైడ్‌తో పాటు ఆసుపత్రి వైపు నుంచి ఒక డాక్టరు పరిశోధకుడిగా ఉండాలి. పేరుకు మాత్రమే కాదు, ప్రశ్న మొదలైనప్పటి నుంచి కూర్చున్న మనిషే అయితే కమిటీ అడిగే ప్రశ్నలకు ఆయనే జవాబు చెప్తారు.

ఇప్పటికే తీసి ఉన్న పాత ఫిల్మ్‌లు, పేర్లు తీసేసి వాడతామంటే సమ్మతి పత్రం నుంచి మినహాయింపు అడగొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది కమిటీ చేతిలో ఉంటుంది, మీరే నిర్ణయించుకోకూడదు. ఇకపై వచ్చే రోగుల నుంచి తీసుకుంటామంటే సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. ఇంగ్లిష్ పత్రాన్ని అనువాద యంత్రంలో పడేసి తెచ్చిన తెలుగు వద్దు. మీ అమ్మకు చదివి వినిపించండి, ఆమెకు అర్థమైతే పెట్టండి. "మీ ఎక్స్‌రే బొమ్మను చదువు కోసం వాడుకుంటాం. మీ పేరు, ఊరు ఎవరికీ తెలియదు. మీరు వద్దన్నా వైద్యం ఇప్పుడు ఎలా జరుగుతుందో అలాగే జరుగుతుంది." చివరి వాక్యం తప్పకుండా ఉండాలి, నోటితోనూ చెప్పాలి. పరిశోధన కోసమని ఎవరికీ ఒక్క ఎక్స్‌రే కూడా అదనంగా తీయించకండి.

గర్భిణుల స్కానింగ్ చిత్రాలతో పని చేసేవాళ్లు ఇంకో మెట్టు ఎక్కాలి. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం అల్ట్రాసౌండ్ మెషీన్‌ను, దాన్ని వాడే చోటును రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చింది. ల్యాబ్ కోసం చిన్న స్కానర్ కొనేద్దాం అనుకునే ముందు ఈ సంగతి తెలియాలి. బిడ్డ లింగం తెలిసే ఫ్రేములు డేటాసెట్‌లోకి రాకుండా ఎలా చూస్తారో దరఖాస్తులోనే రాయండి.

అనుమతికి నెలలు పడుతుంది. ఆ నెలలు ఊరికే పోనివ్వకండి, ఏడో మెట్టు పని అప్పుడే చేసుకోవచ్చు.

4. ఫైలు తీసుకోవడం, పేర్లు తీసేయడం

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, లైట్ బాక్స్ మీద ఫోన్‌తో తీసిన ఫిల్మ్, జేపెగ్‌గా మార్చిన ఫైలు వద్దు. ఆసుపత్రి మెషీన్లు బొమ్మను దాచే అసలు డైకామ్ ఫైలే అడగండి. అందులో పిక్సెళ్లతో పాటు ఫిల్మ్ ఎలా తీశారన్న సమాచారం ఉంటుంది. మెషీన్ కంపెనీ, పీఏనా ఏపీనా, పిక్సెల్ సైజు, అన్నీ. మోనోక్రోమ్1, మోనోక్రోమ్2 అన్న ట్యాగ్ మాత్రం మొదటి రోజే చూడండి. మొదటి రకంలో నలుపు తెలుపులు తిరగబడి ఉంటాయి. రెండు రకాలూ కలిసిపోతే సగం ఊపిరితిత్తులు తెల్లగా ఉన్న డేటాతో మోడల్ నడుపుతారు. సీటీ అయితే పిక్సెల్ విలువను ఫైల్లోనే ఉండే స్లోప్‌తో గుణించి ఇంటర్‌సెప్ట్ కలిపితేనే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత కొలత) వస్తాయి. నీళ్లు 0, గాలి -1000 రావాలి, రాకపోతే అక్కడే ఆగండి.

పేర్లు తీసేయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. మన ఆసుపత్రుల్లో ఒకే మనిషి మళ్లీ వస్తే కొత్త ఓపీ చీటీ, కొత్త నంబరు పడొచ్చు. ఒకసారి లక్ష్మి పేరు ఇంగ్లిష్‌లో ఎక్స్‌తో రాస్తారు, ఇంకోసారి కె, ఎస్ పెట్టి రాస్తారు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. వయసు అడిగితే "అరవై ఉంటయ్ కావచ్చు" అంటారు, ఆరు నెలల తర్వాత యాభై ఐదు అంటారు. కాబట్టి ఏ ఫిల్మ్‌లు ఒకే మనిషివో పేరు, ఊరు, వయసు, ఫోన్ నంబరు కలిపి చూసి ముందే తేల్చుకోవాలి. ఒకసారి పేర్లు పోయాక దీన్ని ఎవరూ సరిచేయలేరు. ఈ పని ఆసుపత్రి కంప్యూటర్‌లోనే, ఆసుపత్రి మనిషి కూర్చునే జరగాలి. విసుగు పుట్టించే పని, కానీ ఆరో మెట్టు మొత్తం దీని మీదే నిలబడుతుంది.

ఆ తర్వాత ప్రతి మనిషికీ ఒక యాదృచ్ఛిక సంఖ్య ఇవ్వండి. ఓపీ నంబరునే హ్యాష్ చేసి (ఒక సూత్రంతో వేరే అక్షరాల వరుసగా మార్చి) వాడితే సరిపోదు, నంబర్లు వరుసగా ఉంటాయి కాబట్టి ఎవరైనా అన్నీ హ్యాష్ చేసి చూసి కనిపెట్టగలరు. ఏ సంఖ్య ఎవరిదో చెప్పే జాబితా ఆసుపత్రిలోనే ఉండాలి, మీ ల్యాప్‌టాప్‌లో కాదు. డైకామ్‌లో పేరు, నంబరు, పుట్టిన తేదీతో పాటు ఆసుపత్రి పేరు, పంపిన డాక్టరు పేరు, అకెషన్ నంబరు (ఆ పరీక్షకు పడే నంబరు), యూఐడీలు (ఫైలును గుర్తించే పొడవాటి సంఖ్యలు), కంపెనీ సొంతంగా పెట్టుకునే ప్రైవేట్ ట్యాగులు ఉంటాయి. "ఫలానా ట్యాగులు తీసేస్తాను" అని కాకుండా "ఫలానా ట్యాగులు మాత్రమే ఉంచుతాను" అని కోడ్ రాయండి. డైకామ్ ఫైళ్లు చదివే పైథాన్ లైబ్రరీ పైడైకామ్‌తో ఇది పెద్ద పనేమీ కాదు. తేదీలు కావాలంటే ఒక్కో మనిషి తేదీలన్నీ ఒకే లెక్కన ముందుకో వెనక్కో జరపండి, అప్పుడు రెండు ఫిల్మ్‌ల మధ్య ఎన్ని రోజులో చెడకుండా ఉంటుంది.

బొమ్మలోనే రాసి ఉన్న పేర్లు కోడ్‌కు దొరకవు. అల్ట్రాసౌండ్‌లో పైమూలన పేరు పిక్సెళ్లలోనే కలిసి ఉంటుంది, స్కాన్ చేసిన పాత ఫిల్మ్‌ల మీద చేత్తో రాసి ఉంటుంది. ప్రతి బొమ్మనూ కళ్లతో చూడటం తప్పదు. తల సీటీ, ఎంఆర్‌ఐల నుంచి మొహం త్రీడీలో తిరిగి గీయొచ్చు, అందుకే బయటికి ఇచ్చే ముందు మొహం భాగం చెరిపేయాలి. ఊరి పేరు కూడా ఉంచకండి. మన దగ్గర ఒక ఊళ్లో ఫలానా వయసున్న, క్వారీలో పనిచేసే, టీబీ ఉన్న మనిషి అంటే ఆ ఊరివాళ్లకు పేరు చెప్పనక్కర్లేదు.

5. లేబుల్ ఎవరు పెట్టారు, దేన్ని చూసి పెట్టారు

లేబుల్ అంటే ప్రతి ఫిల్మ్‌కూ మనం పెట్టే సరైన జవాబు. రిపోర్టులో "టీబీ అనుమానం" అని ఉంటే అది టీబీ కాదు, అనుమానం. టీబీకి నిజం కఫం పరీక్షలో ఉంటుంది, సీబీనాట్ (కఫంలో టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) ఫలితం దొరికితే దాన్నే లేబుల్‌గా పెట్టుకోండి. గని కార్మికుల ఫిల్మ్‌లైతే అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) వర్గీకరణ ఉంది, నమూనా ఫిల్మ్‌లు పక్కన పెట్టుకుని పోల్చి చదివే పద్ధతి అది. మీ డాక్టర్లకు అందులో అనుభవం ఉందో లేదో ముందు అడగండి.

ఫిల్మ్ చూసి చెప్పే లేబులే అయితే ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదవాలి, ఒకరిది ఇంకొకరు చూడకూడదు. తేడా వచ్చినవాటికి మూడో సీనియర్. ఇద్దరి మధ్య ఎంత పొంతన ఉందో కప్పా (యాదృచ్ఛికంగా కలిసే జవాబుల వంతు తీసేసి పొంతన చెప్పే అంకె) లెక్క కట్టి పేపర్లో రాయండి. పీజీలకు రోజంతా డ్యూటీ ఉంటుంది. ఒక్కసారి ఐదు వందల ఫిల్మ్‌లు పంపితే చివరివి కళ్లు మూతలు పడుతూ చదువుతారు. ముప్పై చొప్పున ఇవ్వండి, కొన్ని ఫిల్మ్‌లు వాళ్లకు చెప్పకుండా రెండోసారి కలపండి, తన జవాబుతో తనే ఎంత ఏకీభవిస్తున్నారో తెలుస్తుంది. ఆ సంగతి ముందే ఒప్పించి చేయండి, పరీక్ష పెట్టినట్టు అనిపించకూడదు.

6. మనుషుల వారీగా విడదీయండి

నా మొదటి ఫలితం చూసి ల్యాబ్‌లో అందరూ మెచ్చుకున్నారు. ఫిల్మ్‌లను కలిపేసి, మోడల్‌కు నేర్పే ట్రైనింగ్‌కు ఎనభై శాతం, దాన్ని పరీక్షించే టెస్ట్‌కు ఇరవై శాతం యాదృచ్ఛికంగా విడదీశాను. టీబీ మందులు వాడే మనిషికి నెలల వ్యవధిలో రెండు మూడు సార్లు ఎక్స్‌రే తీస్తారు. ఒకే మనిషి మొదటి ఫిల్మ్ ట్రైనింగ్‌లో పడింది, మూడోది టెస్ట్‌లో పడింది. మోడల్ గుర్తుపట్టింది జబ్బును కాదు, మనిషిని: విరిగి అతుక్కున్న ఒక పక్కటెముక, కాస్త వంగిన వెన్ను. మనుషుల వారీగా మళ్లీ విడదీసిన రోజు అంకె ఎంత పడిపోయిందో చూసి రాత్రంతా నిద్ర పట్టలేదు. గైడ్‌కు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చెప్పాక టెన్షన్ పోయింది, పని మాత్రం మళ్లీ మొదటికి వచ్చింది.

టెస్ట్ సెట్‌ను మొదటే పక్కన పెట్టి, తాళం వేసినట్టు ఉంచండి. వీలైతే ఇంకో ఊరి ఆసుపత్రి నుంచి, కరీంనగరో ఖమ్మమో, వేరే టెస్ట్ సెట్ తెచ్చుకోండి. దానికి వేరే అనుమతి కావాలి, మొదటి దరఖాస్తు పెట్టినప్పుడే దాన్నీ మొదలుపెట్టండి.

7. మోడల్

ఇది చిన్న మెట్టు. అనుమతి కోసం ఎదురుచూసే నెలల్లో పబ్లిక్ డేటాతో పైప్‌లైన్ (ఫైలు చదవడం నుంచి ఫలితం దాకా నడిచే కోడ్) సిద్ధం చేసుకోండి. టీబీకి మోంట్‌గొమెరీ సెట్‌లో 138 ఫిల్మ్‌లు, షెన్‌జెన్ సెట్‌లో 662 ఉన్నాయి. మామూలు ల్యాప్‌టాప్, ఉచిత క్లౌడ్ జీపీయూ చాలు. అమెరికా ఎన్‌ఐహెచ్ ఇచ్చిన పెద్ద సెట్‌లో 1,12,120 ఫిల్మ్‌లున్నాయి కానీ లేబుళ్లు రిపోర్టుల నుంచి కంప్యూటర్ ఏరినవి. అందులో న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి బయట గాలి చేరడం) అని ఉన్న ఫిల్మ్‌లు చాలావాటిలో ఆ గాలి తీసే ఛాతీ గొట్టం ముందే వేసి ఉంది. అంటే జబ్బు తెలిసి వైద్యం మొదలయ్యాక తీసినవి. మోడల్ గొట్టాన్ని చూసి పాసవుతుంది. సెగ్మెంటేషన్ (బొమ్మలో అవయవం లేదా జబ్బు భాగం హద్దు గీయడం) పని అయితే ముందు దానికోసం తయారుగా దొరికే ఎన్‌ఎన్‌యూనెట్ నడపండి. దాన్ని దాటలేని కొత్త ఆర్కిటెక్చర్ మీద ఆరు నెలలు పెట్టకండి.

8. అంకెలు నిజాయితీగా చెప్పండి

టెస్ట్‌లో 30 మంది రోగులుంటే 27 మందిని పట్టుకున్నారనుకోండి. 90 శాతం సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో ఎందరిని పట్టుకుందో) అని రాసి ఊరుకోవద్దు. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల హద్దులు) కడితే అది సుమారు 74 నుంచి 97 దాకా ఉంటుంది. ఆ రెండు అంకెలూ పక్కనే రాయండి. డాక్టరుకు కావాల్సింది ఆ కింది అంకె.

ఇంకో లెక్క డాక్టర్లకు కాగితం మీద వేసి చూపించండి. వెయ్యి మందిలో పది మందికి జబ్బు ఉంది. మోడల్ సెన్సిటివిటీ 90 శాతం, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో ఎందరికి లేదని చెప్పిందో) 90 శాతం. పదిలో తొమ్మిది మందిని పడుతుంది, బాగుంది. మిగతా 990 మందిలో 99 మందిని కూడా జబ్బే అంటుంది. మొత్తం 108 మందికి "ఉంది" అని చెప్తే అందులో నిజంగా ఉన్నది తొమ్మిది మందికి. ఊళ్లో క్యాంపు పెట్టి స్క్రీనింగ్ చేద్దాం అనుకునేవాళ్లు ఆ మిగిలిన 99 మంది గురించి ఆలోచించాలి. బస్ ఛార్జీలు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని వరంగల్ దాకా వచ్చేది వాళ్లే.

తప్పుగా చెప్పిన ఫిల్మ్‌లను ఒక్కొక్కటీ తెరిచి చూడండి. పీఏ, ఏపీ విడివిడిగా, ఆడా మగా విడివిడిగా, మెషీన్ల వారీగా అంకెలు కట్టండి. జడ కనిపించే ఫిల్మ్‌లను వేరే తీసి చూస్తే మోడల్ దేన్ని నేర్చుకుందో కొంత తెలిసిపోతుంది.

9. రాయడం, మళ్లీ ఆ గదికి వెళ్లడం

క్లెయిమ్ అనే చెక్‌లిస్ట్ ఉంది, మెడికల్ ఇమేజింగ్‌లో ఏఐ పేపర్లు రాసేవాళ్ల కోసం 2020లో వచ్చింది. పేపర్ రాశాక కాదు, ప్రోటోకాల్ రాసేటప్పుడే పక్కన పెట్టుకోండి. ఎవరి పేరు ఎక్కడ ఉండాలో మొదటి మీటింగ్‌లోనే మాట్లాడుకోండి. ఫిల్మ్‌లు చదివిన పీజీల పేర్లు వదిలేస్తే రెండో ప్రాజెక్టుకు ఆ తలుపు తెరుచుకోదు. వారంలో అంగీకరిస్తాం, డబ్బు కట్టండి అని మెయిల్ పెట్టే జర్నల్ జోలికి వెళ్లకండి.

పేపర్ పంపే ముందు మోడల్ తప్పు చెప్పిన ఇరవై ఫిల్మ్‌లను పేర్లు లేకుండా తీసుకుని ఎక్స్‌రే గదికి వెళ్లండి. ఓపీ అయిపోయాక, మధ్యాహ్నం మూడింటికి, టెక్నీషియన్ అన్న టీ తాగేటప్పుడు చూపించండి. నేను అలా చూపించినప్పుడు ఆయన మూడో ఫిల్మ్ దగ్గరే ఆపేశాడు. "ఇది పోర్టబుల్‌ది తమ్మీ. పేషెంటు పక్కకు ఒరిగిండు, భుజం ఎముక లోపలికొచ్చింది చూడు" అన్నాడు. మోడల్ దాన్ని నీరు చేరిందని చెప్పింది, ఇద్దరు పీజీలు ఏమీ లేదన్నారు, ఎందుకు లేదో ఆయన చెప్పాడు. నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. ఆ పేపర్లో తప్పుల విశ్లేషణ భాగం అక్కడే మొదలైంది.